అద్దె భవనంలో మోటారు షట్టరు మొరాయిస్తే
– ఒక సహకార ఇన్‌స్పెక్టరు

సొంత భవనం ఉన్న పాల సంఘాలు కొన్నే. మిగిలినవి ఊళ్ళో దొరికిన చోట అద్దెకు ఉంటున్నాయి. పాలు పోయించుకుని క్యానుల్లో పంపే రోజుల్లో ఒక గది, ఒక అరుగు ఉంటే సరిపోయేది. బల్కు కూలర్లు వచ్చాక అది చాలదు. కూలరుకు చోటు కావాలి, జనరేటరుకు చోటు కావాలి, దాణా బస్తాలకు చోటు కావాలి, ట్యాంకరు వెనక్కి వచ్చి గొట్టం తగిలించుకునే వీలుండాలి. అందువల్ల ఎరువుల గోదాములు, ధాన్యపు కొట్లు, ట్రాక్టరు షెడ్లు మన సంఘాలకు ఇళ్ళవుతున్నాయి. వీటికి పన్నెండడుగులు, పద్నాలుగడుగులు వెడల్పున్న ఇనుప షట్టర్లు ఉంటాయి. చేత్తో ఎత్తటం కష్టమని యజమానులు చాలాచోట్ల మోటారు పెట్టించి ఉన్నారు.

తనిఖీకి వెళ్ళినచోట ఇటీవల తరచుగా ఎదురవుతున్న ప్రశ్న ఒకటి ఉంది. “మోటారుకు శక్తి చాలటం లేదండీ. సగం లేచి ఆగిపోతోంది. పెద్ద మోటారు వేయించమంటారా? ఖర్చు సంఘం పెట్టుకోవచ్చునా?” ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది యంత్రానికి సంబంధించినది, రెండవది సంఘం డబ్బుకు సంబంధించినది. మొదటిదానికి సరైన జవాబు తెలియకుండా రెండవదానికి తీర్మానం రాసేస్తే పరాయి గోడకు మన డబ్బు మేకు కొట్టినట్టే. కనుక ఆ వరుసలోనే చూద్దాము.

ముందుగా ఇది ఎంత అవసరమైన విషయమో గ్రహించాలి. దుకాణం షట్టరు గంటసేపు తెరుచుకోకపోతే బేరం తగ్గుతుంది, అంతే. పాలకు ఆ వెసులుబాటు లేదు. పితికిన పాలను రెండు మూడు గంటల్లోగా 4 డిగ్రీల సెంటీగ్రేడుకు చల్లబరచాలి. వేసవిలో షట్టరు బయట వరుసగా పెట్టిన క్యానుల్లో పాలు పులిసిపోవటానికి పెద్ద సమయం పట్టదు. పూటకు 400 లీటర్లు వచ్చే సంఘంలో, లీటరు 40 రూపాయలనుకున్నా, ఒక పూట పాలు విరిగితే 16,000 రూపాయలు. అది సంఘం లెక్కలో ఒక పద్దు కావచ్చు గాని, రెండు గేదెల మీద బతికే సభ్యురాలికి ఆ పక్షం చెల్లింపులో కనిపించే కోత. ఇక కూలరు నిండా పాలుండి ట్యాంకరు వచ్చి నిలబడితే, లోపలికి వెళ్ళే దారి లేకపోతే, ఆ సంగతి వేరే చెప్పనక్కర లేదు.

ఎక్కడ ఆగుతున్నది?

మెకానిక్కును పిలిచే ముందు కార్యదర్శి చేయవలసిన పని ఒకటున్నది. నాలుగు రోజులు షట్టరును జాగ్రత్తగా గమనించి, ఎప్పుడు ఆగింది, ఎక్కడ ఆగింది, ఎలా ఆగింది అన్నది రాసి పెట్టుకోవాలి. జబ్బు సగం అక్కడే బయటపడుతుంది.

పూర్తిగా మూసి ఉన్న షట్టరు నేల మీది నుంచి లేవలేక మూలుగుతుంటే ఒక రకం. సగం లేచి, ప్రతిసారీ అదే ఎత్తులో, రేకు మీద సుద్దతో గీత గీస్తే సరిగ్గా ఆ గీత దగ్గరే ఆగుతుంటే మరొక రకం. పొద్దున మొదటిసారి బాగా లేచి, నాలుగైదుసార్లు ఎత్తి దించాక ఆగిపోయి, ఇరవై నిమిషాల తరువాత మళ్ళీ మామూలుగా పనిచేస్తుంటే మూడవ రకం. పైదాకా వచ్చి చివరి అడుగులో ఆగితే అది శక్తి చాలకపోవటం కాదు, ఎంతవరకు లేవాలో చెప్పే లిమిట్ స్విచ్చి జరిగిందన్నమాట. ఆ పని పావుగంటలో అయిపోతుంది.

మూడవ రకం గురించి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఇందులో జబ్బు మోటారుది కాదు, మనది. ఈ మోటార్లు పొలంలో పంపు మోటారులాగా గంటల తరబడి తిరగటానికి చేసినవి కావు. కొద్ది నిమిషాలు తిరిగి చల్లబడాలి. ఎన్ని నిమిషాలన్నది మోటారు ప్లేటు మీదనే రాసి ఉంటుంది. వేడెక్కితే లోపలున్న రక్షణ స్విచ్చి దానంతట అదే కరెంటు ఆపి, చల్లారాక మళ్ళీ కలుపుతుంది. పాలు పోసే వేళ కుక్కలు వస్తున్నాయనీ, ఎండ పడుతోందనీ షట్టరును మాటిమాటికీ దించి ఎత్తే సంఘాలున్నాయి. అక్కడ ఎంత పెద్ద మోటారు పెట్టినా ఇదే కథ. పూటకు ఒకసారి ఎత్తి, పని అయ్యాక ఒకసారి దించాలి. కుక్కలకు నడుమెత్తు గేటు చాలు.

బరువా, రాపిడా?

మిగిలిన రెండు రకాలకూ షట్టరు ఎలా పనిచేస్తుందో కొంచెం తెలియాలి. పైన గోడకు గోడకు మధ్య ఒక పైపు ఉంటుంది. రేకు పట్టీలు దాని మీద చాపలా చుట్టుకుంటాయి. రెండు పక్కలా ఇనుప చానెళ్ళలో పట్టీల అంచులు జారుతూ ఉంటాయి. కొన్ని షట్టర్లలో పైపు మీద స్ప్రింగులుంటాయి. షట్టరు దిగేటప్పుడు స్ప్రింగు బిగుసుకుని, లేచేటప్పుడు ఆ బిగువుతో బరువును చాలావరకు తానే మోస్తుంది. వీటికి మోటారు సాధారణంగా పైపు మధ్యలో ఉంటుంది, అది చిన్నదైనా చాలు. మరికొన్ని షట్టర్లలో స్ప్రింగులుండవు. పక్కన గోడకు బిగించిన మోటారు, గొలుసు, పళ్ళచక్రం ద్వారా మొత్తం బరువును ఎత్తుతుంది. మీది ఏ రకమో ముందు చూసుకోండి. ఇది తెలియకుండా చేసే పరీక్ష ప్రమాదం.

బరువు లెక్క కష్టమైనదేమీ కాదు. ఒక మిల్లీమీటరు మందమున్న ఇనుప రేకు చదరపు మీటరుకు 7.85 కిలోలు తూగుతుంది. మన షట్టర్లలో వాడే 18 గేజీ రేకు సుమారు 1.2 మిల్లీమీటర్లు, అంటే 9.4 కిలోలు. పట్టీగా వంచటంలో ఇంచుమించు మూడోవంతు రేకు అదనంగా పడుతుంది గనుక చదరపు మీటరుకు పన్నెండు, పన్నెండున్నర కిలోలు వేసుకోవచ్చు. 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు షట్టరు 11 చదరపు మీటర్లు దాటుతుంది. రేకు బరువు 140 కిలోలు, కింది పట్టీ, తాళాలు కలిపి 150 కిలోలనుకోండి. దీన్ని నలభై సెకన్లలో మూడు మీటర్లు ఎత్తటానికి నికరంగా కావలసిన శక్తి 112 వాట్లు. గేర్లలో, గొలుసులో, చానెళ్ళ రాపిడిలో సగం పోతుందనుకున్నా 225 వాట్లు. హార్సుపవరులో మూడోవంతు కూడా కాదు.

ఈ లెక్క ఎందుకు చెప్పానంటే, “మోటారు చిన్నది” అనే మాట చాలాచోట్ల అబద్ధమని తెలియటానికి. ప్లేటు మీద 300 కిలోలని రాసి ఉన్న మోటారు 150 కిలోల షట్టరును ఎత్తలేకపోతున్నదంటే తప్పు మరెక్కడో ఉంది. ప్లేటు మీది అంకె మీ లెక్కకంటే తక్కువగానో, దాదాపు సమానంగానో ఉంటేనే మోటారు నిజంగా చిన్నదని అర్థం. యజమాని ఎనిమిదడుగుల వాకిలిని లారీ కోసం పద్నాలుగడుగులు చేయించి పాత మోటారునే తగిలించిన చోట్ల ఇలా జరుగుతుంది.

ఇక రాపిడి సంగతి. ఒకే ఎత్తులో ఆగే షట్టరుకు జబ్బు చానెళ్ళలో ఉంటుంది. మన కేంద్రాల్లో ఇది మరీ ఎక్కువ, కారణాలు రెండు. మొదటిది దాణా. బస్తాలు దించేటప్పుడు లేచే పొడి చానెళ్ళలో చేరుతుంది. పైగా ఎవరో గ్రీజు పూసి ఉంటారు, ఆ గ్రీజులో తవుడు, దుమ్ము కలిసి బంకమట్టి అవుతుంది. రెండవది నీళ్ళు. క్యానులు, గొట్టాలు కడిగిన సోడా నీళ్ళు వాకిలి వైపే వాలుతాయి. షట్టరు కింది పట్టీ, చానెళ్ళ అడుగు భాగం ఆ తడిలో రోజూ నాని తుప్పు పట్టి ఉబ్బుతాయి. పై తొమ్మిదడుగులు బాగానే ఉండి అడుగున ఒక అడుగు కరచుకుని పోయిన షట్టర్లు నేను చూశాను. దీనికి మందు మోటారు కాదు. తుప్పు గోకి, చానెలు గుడ్డతో పూర్తిగా తుడిచి, మైనం రుద్దాలి. గ్రీజు పూయకూడదు. నీళ్ళు వాకిలి వైపు పోకుండా లోపలే చిన్న కాలువ తీసి పక్కకు మళ్ళించాలి. కాలువ లేనిచోట ఎన్నిసార్లు మైనం రుద్దినా మూడు నెలల ముచ్చటే.

చానెళ్ళ మధ్య వెడల్పును టేపుతో పైన, నడుమ, కింద మూడుచోట్ల కొలవండి. అర అంగుళం తేడా వచ్చినా ఆలోచించవలసిందే. ట్యాంకరు వెనక్కి వస్తూ ఒక పక్క చానెలును తాకి వంచి ఉండవచ్చు. పాత గోడలో బోల్టులు వదులై బ్రాకెట్టు కుంగి ఉండవచ్చు. పైన కొత్తగా అంతస్తు వేసినచోట దూలం వంగి పైపునే నొక్కుతూ ఉండవచ్చు. ఈ చివరిది భవనం లోపం, ఇంజనీరు చూడవలసినది, సంఘం తాకకూడనిది.

స్ప్రింగులున్న షట్టరుకు ఒక పరీక్ష ఉంది. షట్టరు పూర్తిగా దించి, మెయిన్ స్విచ్చి ఆపి, మోటారు పట్టు వదిలించే తీగ లాగాలి. ఇద్దరు మనుషులు చెరొక పక్కా నిలబడి చేత్తో నడుము ఎత్తుదాకా ఎత్తి మెల్లగా పట్టు సడలించాలి. అక్కడే నిలిస్తే స్ప్రింగులు బాగున్నట్టు. బరువుగా కిందికి దిగిపోతే స్ప్రింగు సడలిందో విరిగిందో తెలుస్తుంది. కింది పట్టీకి స్ప్రింగు కాటా తగిలించి పైకి లాగితే ఎన్ని కిలోల బలం పడుతున్నదో అంకెతో సహా తెలుస్తుంది. 15 కిలోలు దాటకూడదని నా లెక్క. అయితే స్ప్రింగును బిగించే పని మాత్రం షట్టరు మేస్త్రీదే. బిగువులో ఉన్న స్ప్రింగు జారితే చేయి విరుగుతుంది. స్ప్రింగు లేని షట్టరుకు ఈ పరీక్ష అసలు చేయకూడదు. లేచి ఉండగా దాని పట్టు వదిలిస్తే 150 కిలోల ఇనుము ఒక్కసారిగా కింద పడుతుంది. దానికి చేతి గొలుసుతో ఎత్తి చూడటమే పరీక్ష. గొలుసు ఎత్తేటప్పుడు బరువుగా, దించేటప్పుడు తేలికగా ఉంటే రాపిడి లేదు. రెండు వైపులా బరువుగా ఉంటే చానెళ్ళు పట్టుకుంటున్నాయి.

కరెంటు వైపు

షట్టరు చేతికి తేలికగానే ఉండి, మోటారు మాత్రం లేపలేకపోతుంటే అప్పుడు కరెంటు వైపు చూడాలి. ఇక్కడ సభ్యులు గుర్తుంచుకోవలసిన సూత్రం ఒకటే. ఇలాంటి మోటారు బలం వోల్టేజీతో పాటు తగ్గదు, అంతకంటే త్వరగా తగ్గుతుంది. వోల్టేజి వర్గాన్ని బట్టి బలం ఉంటుంది. 230 వోల్టులకు నూరు పాళ్ళు బలమిచ్చే మోటారు 184 వోల్టులకు 64 పాళ్ళే ఇస్తుంది. 161 వోల్టులకు దిగితే సగం కూడా ఇవ్వదు. పైగా ఈ మోటార్లలో చాలావాటికి కరెంటుతో వదులయ్యే బ్రేకు ఉంటుంది. వోల్టేజి చాలనప్పుడు ఆ బ్రేకు పూర్తిగా వదలదు. బ్రేకు పట్టిన బండిని ఎద్దులు లాగినట్టు మోటారు తన బ్రేకునే లాగుతూ కాలిపోతుంది.

మన పాల వేళలు దీనికి తోడు. పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర దాకా ఊళ్ళో ఇంటింటా నీళ్ళ మోటార్లు తిరుగుతాయి. సాయంకాలం పాల వేళకు దీపాలు, టీవీలు, మిక్సీలు అన్నీ ఒక్కసారే వెలుగుతాయి. మధ్యాహ్నం పూట తీరికగా వచ్చిన మెకానిక్కుకు షట్టరు చక్కగా లేస్తుంది. “ఏమీ లేదండీ, బాగానే ఉంది” అని చార్జీ తీసుకుని వెళ్ళిపోతాడు. కనుక మెకానిక్కును పాలు పోసే వేళకే రమ్మనాలి. అతను కుదరదంటే మరొకరిని చూసుకోవాలి.

వోల్టేజి కొలిచే పద్ధతిలో కూడా కిటుకుంది. మోటారు ఆగి ఉన్నప్పుడు కొలిస్తే ఏమీ తెలియదు, సన్నని తీగలో కూడా నిండు వోల్టేజే చూపిస్తుంది. మోటారు బరువు మీద ఉన్నప్పుడు, ఆ కొన్ని సెకన్లలో, రెండుచోట్ల కొలవాలి. ఒకటి మీటరు బోర్డు దగ్గర, రెండవది మోటారు దగ్గర. రెండు చోట్లా పడిపోతే లోపం సరఫరాలో, ట్రాన్స్‌ఫార్మరులో లేదా సర్వీసు తీగలో ఉంది, విద్యుత్ కార్యాలయానికి రాయాలి. మీటరు దగ్గర నిలబడి మోటారు దగ్గర మాత్రం పడిపోతే లోపం భవనం లోపలి వైరింగులో ఉంది.

నేను చూసిన ఒక సంఘం సంగతి చెబుతాను. పేరు అవసరం లేదు. ఎరువుల గోదామును అద్దెకు తీసుకున్నారు. 12 అడుగుల షట్టరు, స్ప్రింగులు లేనిది, 300 కిలోల మోటారు. పొద్దున పూట లేవటం లేదు. మెకానిక్కు చూసి 600 కిలోల మోటారు వేయాలన్నాడు. పాలకవర్గం సరేనంది, తీర్మానం చిత్తుప్రతి కూడా సిద్ధమైంది. నేను ఖాతాలు చూడటానికి వెళ్ళి ఆ చిత్తుప్రతి చదివి, సంతకాలు ఆపమని చెప్పి, మరునాడు పాల వేళకు ఎలక్ట్రీషియనును మీటరుతో రమ్మన్నాను. మోటారు ఆగి ఉన్నప్పుడు రెండుచోట్లా 228 వోల్టులు. మోటారు లేవలేక మూలుగుతున్నప్పుడు మీటరు బోర్డు దగ్గర 222, మోటారు దగ్గర 186. మధ్యలో 36 వోల్టులు ఎటు పోయాయి? తీగ వెంట నడిచి చూశాము. గోదాముకు విడిగా తీగ లేదు. యజమాని పై అంతస్తు దీపాల లైను నుంచి, 40 మీటర్ల దూరం, ఒక చదరపు మిల్లీమీటరు తీగతో మోటారుకు కలిపారు. మధ్యలో రెండు తీగలు మెలేసి టేపు చుట్టిన జాయింటు ఒకటి, టేపు నల్లగా కమిలిపోయి ఉంది.

లెక్క వేసి చూడండి. ఆ మందం రాగి తీగ కిలోమీటరుకు 18 ఓములు. పోనూ రానూ 80 మీటర్లకు 1.45 ఓములు. మోటారు కదలలేక నిలబడ్డప్పుడు 12 ఆంపియర్లు లాగుతున్నది. తీగలోనే 17 వోల్టులు పోయాయి. మిగిలిన 19 వోల్టులు ఆ కమిలిన జాయింటులో వేడిగా పోతున్నాయి. గోదాములో అగ్గి పుట్టటానికి అంతకంటే ఏం కావాలి? పక్కనే దాణా బస్తాలు, ఖాళీ గోనెలు. ఇక్కడ 600 కిలోల మోటారు పెట్టి ఉంటే ఏమయ్యేది? పెద్ద మోటారు ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ తీగలో ఇంకా ఎక్కువ వోల్టులు పోతాయి, షట్టరు లేవదు, జాయింటు మాత్రం త్వరగా కాలుతుంది. మీటరు బోర్డు నుంచి మోటారుకు జాయింటు లేకుండా 4 చదరపు మిల్లీమీటర్ల తీగ విడిగా లాగించారు. దాని నిరోధం అదే దూరానికి 0.37 ఓము, 12 ఆంపియర్లకు నష్టం నాలుగున్నర వోల్టులు. పాత మోటారే షట్టరు లేపింది. నాకు తెలిసి ఇప్పటికీ అదే లేపుతున్నది.

తీగ కూడా బాగుండి, స్విచ్చి వేయగానే మోటారు గుంయిమంటూ కదలకుండా ఉండి, చేతి గొలుసుతో కాస్త ఊతమిస్తే తిరిగితే, అది కెపాసిటరు జబ్బు. సింగిల్ ఫేజు మోటారుకు ఇది ఊపిరి వంటిది. ఏళ్ళు గడిచే కొద్దీ, వేడికి, దీని పట్టు తగ్గుతుంది. దాని మీద రాసిన మైక్రోఫారడ్ల అంకెకంటే పది పాళ్ళు తక్కువ చూపిస్తే మార్చేయాలి. అదే అంకె, అదే వోల్టేజి ఉన్నది వేయాలి. “పెద్దది వేస్తే బలం వస్తుంది” అనే ఎలక్ట్రీషియను మాట వినవద్దు, వైండింగు కాలుతుంది. మోటారు ధరతో పోలిస్తే కెపాసిటరు ఖర్చు చాలా కొద్ది. స్విచ్చి ఆపినా కెపాసిటరులో కరెంటు నిలిచి ఉంటుంది గనుక తెలిసినవాళ్ళే దాన్ని తీయాలి.

మోటారు మూడు ఫేజులదైతే ఒక ఫేజు పోయినప్పుడు ఇదే మూలుగు వినిపిస్తుంది. అప్పుడు వెంటనే ఆపాలి.

కూలరు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కంప్రెసరు లేచే క్షణంలో మామూలుకంటే నాలుగైదు రెట్లు కరెంటు లాగుతుంది. ఆ క్షణంలోనే షట్టరు స్విచ్చి నొక్కితే రెండూ తడబడతాయి. ముందు షట్టరు ఎత్తి, తరువాత కూలరు వేయండి. చిన్న జనరేటరు మీద నడిపేటప్పుడైతే ఇది తప్పనిసరి. ఇళ్ళల్లో దీపాలకు వాడే చిన్న ఇన్వర్టరు మీద షట్టరు మోటారు నడపవద్దు.

ఇంతా చూశాక, చానెళ్ళు శుభ్రం, స్ప్రింగులు సరి, తీగ సరి, కెపాసిటరు కొత్తది, అయినా లేవటం లేదంటే అప్పుడు నిజంగా మోటారు చిన్నదే. అప్పుడు కూడా కొత్తది కొనే ముందు మేస్త్రీని ఒక మాట అడగండి. పక్క మోటారు గొలుసు షట్టర్లలో మోటారు వైపు పళ్ళచక్రాన్ని చిన్నది చేస్తే వేగం తగ్గి బలం పెరుగుతుంది. నలభై సెకన్లలో లేచేది ఒక నిమిషంలో లేస్తుంది. మనకేమీ తొందర లేదు. చక్రం మార్చాక లిమిట్ స్విచ్చిని మళ్ళీ సరిచేయించాలి.

తడి నేల, ఇనుప తలుపు

ఒక హెచ్చరిక. పాల కేంద్రంలో నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. సభ్యురాళ్ళు చెప్పులు బయట వదిలి, చేతిలో స్టీలు క్యానుతో, షట్టరు చానెలుకు ఆనుకుని నిలబడతారు. మోటారులో తీగ ఒరిసి షట్టరుకు తగిలితే ఆ వరుస మొత్తానికీ ప్రమాదమే. షట్టరు ఫ్రేముకు, మోటారుకు సరైన ఎర్తు ఉన్నదో లేదో ఎలక్ట్రీషియనుతో మీటరు పెట్టి చూపించుకోవాలి. ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికే ఆగిపోయే రక్షణ స్విచ్చి పెట్టించాలి. ఈ ఖర్చు ఎవరిదన్న వాదన తరువాత చేసుకోవచ్చు, ముందు పెట్టించండి. షట్టరు లేస్తున్నప్పుడు, దిగుతున్నప్పుడు కింద నుంచి ఎవరూ దూరకూడదు. మొరాయించే షట్టరు కింద మరీను. పిల్లలతో క్యానులు పంపే అలవాటు ఉన్న ఊళ్ళల్లో స్విచ్చి వారికి అందనంత ఎత్తులో ఉండాలి. చేతి గొలుసును మాత్రం తాళం వేసిన గదిలో దాచవద్దు. కరెంటు పోయినప్పుడు అది కావాలి, ఆ తాళంచెవి ఉన్నవాడు సాధారణంగా అప్పుడే పెళ్ళికి వెళ్ళి ఉంటాడు. షట్టరు ఒక్కటే దారిగా ఉన్న భవనాన్ని అద్దెకు తీసుకోకపోవటమే మంచిది. పక్కన మామూలు తలుపు ఒకటి ఉండాలి.

ఖర్చు ఎవరిది?

ఇప్పుడు రెండవ ప్రశ్న. అద్దె ఒప్పందంలో మరమ్మతుల గురించి ఏం రాసుకున్నారో అదే మొదటి మాట. చాలా ఒప్పందాల్లో ఏమీ ఉండదు. ఏమీ రాసుకోనప్పుడు, స్థానిక ఆచారం వేరుగా లేనప్పుడు, 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షను వర్తిస్తుంది. అందులో మనకు పనికివచ్చే అంశాలు మూడు.

యజమాని చేయవలసిన మరమ్మతును, నోటీసు ఇచ్చాక కూడా, తగిన వ్యవధిలో చేయకపోతే అద్దెదారు తానే చేయించుకుని ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలోంచి మినహాయించుకోవచ్చు. ఇక్కడ రెండు షరతులు గమనించాలి. ఆ మరమ్మతు యజమాని చేయవలసినదై ఉండాలి, ముందుగా నోటీసు ఇచ్చి ఉండాలి. చెప్పాపెట్టకుండా చేయించి అద్దె కోస్తే చెల్లదు. ఇక అద్దెదారు, వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదల పోను, భవనాన్ని తీసుకున్న స్థితిలోనే ఉంచి తిరిగి అప్పగించాలి. అద్దెదారు లేదా అతని మనుషుల వల్ల లోపం వచ్చి యజమాని నోటీసు ఇస్తే మూడు నెలల్లో సరిచేయాలి. కనుక ట్యాంకరు తగిలి వంగిన చానెలు, సోడా నీళ్ళకు తుప్పు పట్టిన కింది పట్టీ సంఘం ఖాతాలోకి రావచ్చు. సన్నని తీగ, కుంగిన దూలం, మొదటి నుంచీ చాలని మోటారు, ఇవి మనం చేసినవి కావు. అయితే వీటిని యజమానే సరిచేయాలని ఒప్పందంలో మాట ఉంటేనే మినహాయింపుకు బలం. లేకపోతే ముందుగా అతని ఒప్పుదల రాతపూర్వకంగా తీసుకోండి. మూడవ అంశం, సంఘం తన డబ్బుతో బిగించిన వస్తువును తీసుకుపోవచ్చు, కాని భవనం తన స్వాధీనంలో ఉండగానే తీసుకోవాలి, గోడను మునుపటి స్థితికి తెచ్చి ఇవ్వాలి. తాళాలు అప్పగించిన తరువాత “మా మోటారు” అని వెళితే అడిగే హక్కు ఉండదు.

ఏడాదికి మించిన అద్దె ఒప్పందం రిజిస్టరు కావాలని అదే చట్టం 107వ సెక్షను చెబుతున్నది. మన సంఘాలు పదకొండు నెలల కాగితం రాసుకుని ఏళ్ళ తరబడి ఉంటున్నాయి. అలాంటి భవనంలో వేలు పోసి మోటారు బిగించే ముందు పాలకవర్గం ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

నోటీసు రాయటం పెద్ద విద్య కాదు. ఈ కింది విధంగా ఉంటే చాలు:

“అయ్యా, మా సంఘం అద్దెకు ఉంటున్న మీ భవనం షట్టరు ఫలానా తేదీ నుంచి పాలు పోసే వేళ సరిగా లేవటం లేదు. ఎలక్ట్రీషియను పరీక్షించగా మోటారు నడుస్తున్నప్పుడు మీటరు బోర్డు వద్ద ఇన్ని వోల్టులు, మోటారు వద్ద ఇన్ని వోల్టులు ఉన్నట్లు తేలినది. వైరింగు సరిచేయవలసి ఉన్నది. పాలు నిలవ ఉండని సరుకు గనుక ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లోగా సరిచేయించగలరని కోరుతున్నాము. వీలుకాని పక్షంలో సంఘమే చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకొనుటకు మీ అంగీకారం తెలుపగలరు.”

ఈ లేఖను చేతికిచ్చి నకలు మీద సంతకం తీసుకోండి, లేదా రిజిస్ట్రేషనుతో స్పీడ్ పోస్టులో పంపండి. యజమాని సంఘ సభ్యుడే అయినా, అధ్యక్షుని బావమరిది అయినా రాతలోనే ఉండాలి. బావమరిది అయితే మరీ ముఖ్యం, ఆడిట్‌లో అడిగే మొదటి ప్రశ్న అదే. మరమ్మతుకు పాలకవర్గ తీర్మానం, మూడు కొటేషన్లు, సంఘం పేరున బిల్లు ఉండాలి. సంఘం సొమ్ముతో కొన్న మోటారును దాని నంబరుతో సహా ఆస్తుల రిజిస్టరులో ఎక్కించాలి. యజమాని చేత “ఈ మోటారు సంఘానిది, ఖాళీ చేసేటప్పుడు తీసుకుపోవచ్చు” అని ఒక కాగితం మీద రాయించుకుని ఒప్పందంతో కలిపి ఉంచాలి.

కొత్తగా భవనం తీసుకుంటున్న సంఘాలు అద్దె మాట్లాడే రోజునే, అదీ పాల వేళలో, షట్టరును మూడుసార్లు ఎత్తించి దించించి చూడండి. పాత మోటారు నంబరు, షట్టరు స్థితి, తుప్పు ఉంటే ఎక్కడ ఎంత ఉన్నది, అన్నీ రెండు ప్రతుల్లో రాసి, ఫోటోలు తీసి, ఇరువురూ సంతకాలు చేసి, ఒక ప్రతి యజమానికిచ్చి రెండవది సంఘం ఫైలులో పెట్టుకోండి. ఖాళీ చేసే రోజున తాళాలు ఇచ్చే ముందు ఆ కాగితం తీసి, యజమాని ఎదుటే ఒక్కొక్క అంశం సరిచూసి, కింద మళ్ళీ ఇద్దరి సంతకాలు తీసుకోవలెను.